మసి అంటిన పలక

మార్కాపురం అనగానే పలక. రాతిపలక మీద బలపంతో అఆలు దిద్దిన తరానికి ఆ ఊరిని వేరే పరిచయం చేయక్కర్లేదు. నాకు మాత్రం ఇంకో పలక కూడా గుర్తొస్తుంది. రాయలసీమ పల్లెల్లో డప్పునూ పలకే అంటారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కూడా సీమలోని కర్నూలు జిల్లాలోనే ఉండేవి.

వాయించే ముందు ఈ పలకను మంట మీద కాచాలి. తోలు వేడెక్కి బిగుస్తుంది, గొంతు లేస్తుంది. రాత్రి మంచుకు మళ్లీ సాగుతుంది. మళ్లీ మంట. ఒక చేతిలో పొట్టి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. ఒకటి గుండె మీద గుద్దితే, రెండోది చెవిలో గీరుతుంది. ఆ గీరుడు వింటే నాకు ఎక్కడో అమెరికాలో ఉన్న సియాటిల్ గుర్తొస్తుంది.

1980ల్లో ఆ నగరంలో పురుడు పోసుకున్న రాక్ సంగీతం పేరు గ్రంజ్. మాటకు అర్థమే మురికి. మనవాళ్లు తోలు బిగిస్తే, వాళ్లు గిటారు లావుతీగను వదులు చేసి కిందికి దించారు. కాలితో మీట నొక్కితే మోత పగిలి బొంగురుపోయే పెట్టెలు తగిలించారు. చరణం గొణుగుడు, పల్లవి గావుకేక. నిర్వాణ బృందం తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ (1989) రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ మోతలో మన దక్షిణాది చెయ్యీ ఉందండోయ్: సౌండ్‌గార్డెన్ బృందం గిటారిస్టు కిమ్ తయిల్ తల్లిదండ్రులు కేరళవాళ్లు.

నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ పుట్టింది అబర్డీన్‌లో. కలప కోతమిల్లుల మీద బతికిన ఊరు. అడవి పని తగ్గాక అక్కడి కుర్రాళ్లకు మిగిలింది వాన, విసుగు. నోటుపుస్తకాలొచ్చాక పలకల గిరాకీ పడిపోయిన ఊరివాళ్లకు, వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల నీళ్లకోసం ఏళ్లతరబడి ఎదురుచూసినవాళ్లకు ఆ విసుగు విడమరిచి చెప్పాలా? గ్రంజ్ పాటల్లో ప్రేయసి కన్నా సిగ్గు, మత్తుమందు, చితికిన ఇల్లు, తనమీద తనకే రోత ఎక్కువ.

కచేరీలూ అలాగే ఉండేవి. ఇరుకు గది, చెమట, వేదికెక్కి జనం మీదికి దూకే కుర్రాళ్లు. 1991 ఏప్రిల్ 17న ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ పాటను నిర్వాణ మొదటిసారి జనం ముందు వాయించింది సియాటిల్‌లోని ఓకే హోటల్ అనే చిన్నచోట. మన పీర్ల పండగలో దూకడానికి వేదికే ఉండదు. నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాళ్లకూ డప్పు కొట్టేవాళ్లకూ మధ్య మూరెడు జాగా కూడా మిగలదు. ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో చెప్పలేం.

పోలిక ఇక్కడితో ఆపాలి. సియాటిల్ కుర్రాడు చిరిగిన చొక్కా తానే ఎంచుకున్నాడు. విప్పేస్తే పోతుంది. పైగా 1992లో డిజైనర్ మార్క్ జేకబ్స్ ఆ చొక్కాను పట్టుతో కుట్టించి న్యూయార్క్ ఫ్యాషన్ వేదిక ఎక్కించాడు. డప్పు పట్టిన మాదిగ కుర్రాడికి ఎంచుకునే వీలెక్కడిది? ఊళ్లో చావొస్తే కొట్టాలి, చాటింపు వేయాలి. మోత అతనిది, కబురు పెద్దలది.

ఆ కబురు మార్చింది అప్పటి మన జిల్లాయే. కోబేన్ 27 ఏళ్లకే ప్రాణం తీసుకున్నది 1994 ఏప్రిల్ 5న. మూడు నెలలకు, జులై 7న, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ, ఆయన సహచరులు మాదిగ దండోరా ఉద్యమం మొదలుపెట్టారు. దండోరా అంటే చాటింపే. ఈసారి డప్పు చాటింది కొట్టేవాడి సొంతమాట: ఎస్సీ రిజర్వేషన్లను వర్గీకరించాలని. రాష్ట్రాలు అలా వర్గీకరించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. అంటే 30 ఏళ్ల దరువు. గ్రంజ్ అంతకాలం నిలవలేదు.

ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. చుట్టూ బోల్టులు తిప్పితే బిగుస్తాయి. మంట అక్కర్లేదు, మంచుకు సాగవు, తేలిక కూడా. మోయాల్సినవాళ్లకు అదెంత సుఖమో తెలుసు కాబట్టి కాదనను. నా చెవికే ఆ మోత మరీ శుభ్రంగా వినబడుతుంది.