వరి మళ్ల దోమలు – బాతు పిల్లలలో టెంబుసు వ్యాధి

రెండు మూడు వారాల బాతు పిల్లలు కాళ్లలో పట్టు తప్పి, తూలుతూ, వెల్లకిలా పడి లేవలేకపోతే పెంపకందారునికి మొదట తట్టేది మేతలో నియాసిన్ లోపం, లేదా వైరస్ వలన వచ్చే కాలేయవాపు వ్యాధి. తూర్పు, ఆగ్నేయ ఆసియా దేశాలలో ఈ లక్షణాలకు మరొక కారణం కూడా ఉంది. అది దోమల ద్వారా వ్యాపించే టెంబుసు వైరస్.

ఈ వైరస్‌ను 1955లో మలేషియాలో క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమల నుండి మొదట వేరుచేశారు. మనుషులలో జపనీస్ మెదడువాపును కలిగించే వైరస్ కూడా ఈ ఫ్లేవివైరస్ వర్గానిదే. 2000లో అదే దేశంలో బ్రాయిలర్ కోడిపిల్లలలో మెదడువాపు కలిగించిన వైరస్ దీనికి అతి దగ్గరిదని తేలింది. అయినా 2010 వరకు దీనికి ప్రాధాన్యం దక్కలేదు. ఆ యేడు చైనాలో గుడ్ల బాతులు మేత మాని, కొద్ది రోజులలోనే గుడ్ల దిగుబడి అడుగంటడంతో పరిశోధకుల దృష్టి దీనిపై పడింది.

పెట్టలలో ప్రధానంగా అండాశయం దెబ్బతింటుంది. పిల్లలలో వైరస్ మెదడును చేరుతుంది. వయసు ఎంత తక్కువైతే వ్యాధి అంత తీవ్రం. పక్షవాతం వచ్చిన పిల్ల నీటి తొట్టిని చేరలేక, ఆకలిదప్పులతో కూడా చనిపోతుంది.

నియాసిన్ లోపంలో కాళ్లు క్రమంగా వంకర తిరుగుతాయి, విటమిన్ ఇస్తే మందలో కొత్త కేసులు తగ్గుతాయి. కాలేయవాపులో పిల్ల తలను వెనుకకు విరిచి కొద్ది గంటలలోనే చనిపోతుంది. టెంబుసులో తూలడం, వణుకు, పక్షవాతం కొన్ని రోజులపాటు కొనసాగుతాయి. అయితే కంటితో చూసి నిర్ధారించడం సాధ్యం కాదు. చనిపోయిన పిల్లల మెదడును ప్రయోగశాలలో పరీక్షించవలసిందే. ఈలోగా యాంటీబయాటిక్‌లకు డబ్బు పోయడం వృథా, అవి వైరస్‌పై పనిచేయవు.

సస్యశాస్త్రవేత్తకు బాతు పిల్లల వ్యాధితో పనేమిటని పాఠకులు అడగవచ్చు. ఈ దోమ గుడ్లు పెట్టేది నిలువ నీరున్న వరి మళ్లలో. వైరస్ సంగతి ఎలా ఉన్నా, దోమ మాత్రం మన కృష్ణా, గోదావరి డెల్టాలలోనూ ఉన్నదే. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి దోమగా మారడానికి సుమారు పది రోజులు చాలు. అంతకు ముందే మడి పూర్తిగా ఆరితే లార్వాలు చనిపోతాయి. నీటి పొదుపు కోసం మనం చెప్పే ఆరుతడి పద్ధతికి ఇది అదనపు లాభం. కాని ఒక్క రైతు మడి ఆరబెడితే ప్రయోజనం స్వల్పం, పక్క మడి దోమలు గట్టు దాటి వస్తాయి. ఒకే కాలువ కింది ఆయకట్టంతా కలిసి చేయవలసిన పని ఇది. పూత దశలో మాత్రం మడి ఆరబెట్టరాదు.

దోమలను అదుపు చేసినంత మాత్రాన సరిపోదు. దోమలు తక్కువగా ఉండే చలికాలంలోనూ చైనాలో ఈ వ్యాధి కనిపించింది. పక్షి నుండి పక్షికి తాకిడి వలన, గాలి ద్వారా కూడా వైరస్ సోకుతుందని ప్రయోగాలలో తేలింది. అందువలన పిల్లలను మొదటి నాలుగు వారాలు పెద్ద మందకు దూరంగా, సాయంత్రం చీకటి పడకముందే దోమతెర కట్టిన కొట్టంలోకి చేర్చాలి. వాటికి మేత తొట్లు, పనివారి చెప్పులు వేరుగా ఉంచాలి. చైనాలో టీకాలు వాడుకలో ఉన్నాయి. టీకా అందుబాటులో లేని చోట ముందుగా ఖర్చు పెట్టవలసింది ఈ కొట్టంపైనే.