ఓడ ఎందుకు తేలుతుంది? పడవ ఎందుకు మునుగుతుంది?

పిల్లలూ! శివరాత్రికి మీలో ఎందరు పట్టిసీమ వెళ్ళారు? జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి గోదావరి గట్టున దిగితే నది మధ్య కొండమీద వీరభద్రస్వామి గుడి కనబడుతుంది. నది నిండుగా ఉన్నప్పుడు లాంచీ ఎక్కితేగాని అక్కడికి చేరలేం. ఇనుప రేకులతో చేసిన అంత లాంచీ, అంతమంది జనాన్ని మోస్తూ నీటిమీద తేలుతూ పోతుంది. ఇంట్లో బకెట్టు నీళ్ళలో చిన్న ఇనుపమేకు వేసి చూడండి. బుడుంగున మునిగిపోతుంది! మేకు మునగడమేమిటి, లాంచీ తేలడమేమిటి? అట్లా తేలే పడవ ఒక్కొక్కసారి ఎందుకు మునిగిపోతుంది? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒక్కచోటే ఉంది.

తొలగిన నీరే మోస్తుంది

నీటిలో ఏ వస్తువును ఉంచినా అది తనకు చోటు చేసుకోవడానికి కొంత నీటిని పక్కకు నెడుతుంది. అట్లా తొలగిన నీటి బరువెంతో, అంత బలంతో నీరు ఆ వస్తువును పైకి నెడుతుంది. ఇదే ఉత్ప్లవన బలం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో సిరక్యూజ్ నగరంలో ఉండిన ఆర్కిమెడీస్ దీనిని కనిపెట్టాడు.

ఇనుము నీటికంటె సుమారు 7.8 రెట్లు బరువైనది. ఒక టన్ను ఇనుమును ముద్దగా చేసి నీటిలో వేస్తే అది తొలగించేది సుమారు 128 లీటర్ల నీటినే. అంటే నీరు 128 కిలోల బరువును మాత్రమే మోయగలుగుతుంది. మిగిలిన 872 కిలోల మాటేమిటి? అందుకే ముద్ద మునుగుతుంది. అదే టన్ను ఇనుమును రేకులుగా సాగగొట్టి, లోపల బోలుగా ఉండే పెద్ద తొట్టిగా చేయండి. అది కొంత లోతు దిగేసరికే 1,000 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువు 1,000 కిలోలు. లెక్క సరిపోయింది, తొట్టి తేలింది! ఓడ అంటే లోపల గాలి నిండిన పెద్ద తొట్టి అన్నమాట.

దోనె నుంచి ఓడ దాకా

ఆర్కిమెడీస్ సూత్రం తెలియని రోజుల్లోనే మనిషి పడవలు కట్టాడు. దుంగలు కలిపి కడితే తెప్ప అయింది. మాను తొలిచితే దోనె అయింది. కొల్లేటిలో తాటిదోనెలమీద తిరిగినవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. గెడ, తెడ్డు, చుక్కాని, తెరచాప ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేలమీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడబొమ్మ ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి, 1839లో పెనుతుఫాను ముంచెత్తేవరకు, ఓడలు కట్టే రేవుగా పేరు పొందింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తర్వాత కాలువలలో పంటలకు నీరే కాదు, పడవలూ సాగాయి. గాలి లేనప్పుడు గట్టు వెంట మనుషులు మోకు పట్టి పడవను లాగేవారు. 1948 మార్చి 14న విశాఖపట్నంలో నెహ్రూగారు ‘జల ఉష’ అనే ఓడను నీటిలోకి దింపారు. స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఆవిరి ఓడ అది.

ప్రాణాలు కాచే గీత

ఇప్పుడొక లెక్క చేద్దాం. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల పెట్టెలాంటి పడవ ఉందనుకోండి. అది ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే 300 లీటర్ల నీరు తొలగుతుంది. అంటే 50 కిలోల చొప్పున ఆరుగురు ఎక్కితే పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. 60 మంది ఎక్కితే 10 సెంటీమీటర్లు. ‘ఓస్, ఇంతేనా!’ అనుకోకండి. నీటికీ పడవ అంచుకూ మధ్య మిగిలే ఎత్తే మనకు రక్ష. అది తగ్గినకొద్దీ చిన్న అల కూడా లోపలికి దూకుతుంది.

19వ శతాబ్దంలో ఇంగ్లండులో కొందరు యజమానులు లాభంకోసం ఓడలకు మోయలేని సరుకు ఎత్తేవారు. ఎందరో నావికులు సముద్రం పాలయ్యారు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీనిపై పట్టువదలకుండా పోరాడాడు. ఫలితంగా 1876లో ఓడ పక్కన బరువుగీత ఉండాలని చట్టం వచ్చింది. ఈసారి ఓడరేవుకు వెళ్తే చూడండి: వృత్తం, దాని మధ్యగా అడ్డగీత. పక్కనే మెట్లలా మరికొన్ని గీతలుంటాయి. అవెందుకు? లీటరు సముద్రపు నీరు మంచినీటికంటె సుమారు 25 గ్రాములు ఎక్కువ బరువుంటుంది. అందుచేత ఒకే ఓడ సముద్రంలో కాస్త పైకి, నదిలో కాస్త కిందికి ఉంటుంది. నీటిని బట్టి, ఋతువును బట్టి వేరు వేరు గీతలన్నమాట.

ఒరిగితే?

పడవ కొంచెం ఒరిగినప్పుడు, ఒరిగిన వైపు ఎక్కువ నీరు తొలగుతుంది. అటువైపు ఉత్ప్లవన బలం పెరిగి పడవను మళ్ళీ నిలబెడుతుంది. అయితే దీనికి పడవ గరిమనాభి బాగా కిందికి ఉండాలి. జనమంతా పై అంతస్తు ఎక్కితే గరిమనాభి పైకి పోతుంది. ఫొటో కోసమో, దేన్నో చూడడానికో అందరూ ఒక్కవైపుకు పరుగెత్తితే అది ఆ పక్కకు జరుగుతుంది. అప్పుడు పడవ తిరిగి లేవలేదు. నీరు లోపలికి వచ్చి గాలి ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. ఇక ఆ లాంచీకీ, మీ బకెట్టులోని మేకుకూ తేడా లేదు!

2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా, పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి సుమారు 50 మంది చనిపోయారు. ఆ దుఃఖం మనం మరువరానిది. వరద ప్రవాహం పడవవాడి చేతిలోని చుక్కానికి లొంగదు. కాబట్టి వరదలో ప్రయాణం వద్దు. పడవలో లైఫ్ జాకెట్ ఇస్తే ఉక్కగా ఉందని విప్పకండి. మన శరీరం ఇంచుమించు నీటి సాంద్రతతోనే ఉంటుంది. జాకెట్ బరువు పెంచకుండా ఘనపరిమాణాన్ని పెంచి, తలను నీటిపైన నిలుపుతుంది. అదీ ఆర్కిమెడీస్ సూత్రమే! జనం కిక్కిరిసిన పడవ కనిపిస్తే ఎక్కవద్దని మీ పెద్దవాళ్ళకు మీరే చెప్పండి. మరో పడవ వచ్చేదాకా ఆగితే పోయేదేమీ లేదు.

మీరే చేసి చూడండి

అడుగు చదునుగా ఉన్న స్టీలుగిన్నెను బకెట్టు నీళ్ళలో తేల్చండి. గులకరాళ్ళు ఒక్కొక్కటే వేస్తూ, ప్రతిసారీ గిన్నె ఎంత దిగిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత అవే రాళ్ళను ఒక పక్కకు జరపండి. మూడోసారి అవే రాళ్ళను పొడుగాటి గ్లాసులో పోసి, గ్లాసును గిన్నె మధ్య నిలబెట్టండి. బరువు మారలేదు, ఎప్పుడు తేలికగా బోల్తాపడిందో చూడండి.

చివరగా ఒక చిక్కుప్రశ్న. తేలుతున్న గిన్నెలోని రాళ్ళన్నీ తీసి అదే బకెట్టు నీళ్ళలో వేస్తే, బకెట్టులో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు ఆలోచించి చెప్పండి, ఆ తర్వాత చేసి చూడండి.