అక్షరాల మారువేషం

1980ల చివరికి అమెరికా ఆఫీసుల్లో ఈమెయిల్‌కు కొదవ లేదు. ఐబీఎం పెద్ద కంప్యూటర్లున్న చోట ప్రాఫ్స్, డెక్ యంత్రాలున్న చోట ఆల్-ఇన్-వన్, పీసీలున్న చోట సీసీ:మెయిల్. ఎవరి గూట్లో వాళ్లకు అంతా సవ్యంగానే నడిచేది. చిక్కల్లా ఒక గూటి నుంచి ఇంకో గూటికి ఫైలు పంపాల్సి వచ్చినప్పుడే. మామూలు ఇంగ్లిష్ వాక్యాలైతే మధ్యనున్న గేట్‌వేలు దాటించేవి. బొమ్మో, లెక్కల షీటో అయితే అవతల తేలేది పనికిరాని గుర్తుల కుప్ప.

ఇంటర్నెట్ మెయిల్‌ను మోసే ఎస్‌ఎంటీపీ నియమాలను 1982లో రాసినప్పుడు అక్షరానికి 7 బిట్లు చాలనుకున్నారు. అంటే ఆస్కీ పట్టికలోని 128 గుర్తులే. ఫ్రెంచి, జర్మన్ అక్షరాలే అందులో పూర్తిగా ఇమడవు. ఇక తెలుగు సంగతి ఎవరు చూస్తారు? 1990ల్లో అమెరికాలోని తెలుగువాళ్లు ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాసి పంపుకునేవారు. దాన్ని మన లిపిలోకి తిప్పడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రిట్ అనే ప్రోగ్రాం కూడా పుట్టింది.

ఫైళ్లకూ అలాంటి అడ్డదారే దొరికింది. 1980లో మేరీ ఆన్ హోర్టన్ బర్క్‌లీలో రాసిన యూయూఎన్‌కోడ్, ఫైలు మొత్తాన్ని కీబోర్డు గుర్తులుగా మార్చేది. కాకపోతే ఖాళీని కూడా ఒక గుర్తుగా వాడుకునేది. వరుస చివర ఖాళీలు కనబడితే కొన్ని గేట్‌వేలు వాటిని కత్తిరించేసేవి. ఐబీఎం యంత్రాలదైతే ఎబ్సిడిక్ అనే వేరే పట్టిక. అటు వెళ్లి వచ్చేసరికి కొన్ని విరామ చిహ్నాలు తారుమారయ్యేవి. ఒక్క గుర్తు పోయినా ఫైలు తెరుచుకోకపోవచ్చు.

న్యూజెర్సీలోని బెల్‌కోర్‌లో పనిచేసే నథానియల్ బోరెన్‌స్టైన్, ఇన్నోసాఫ్ట్ సంస్థకు చెందిన నెడ్ ఫ్రీడ్ కలిసి కనిపెట్టిన విరుగుడు మైమ్. 1992 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1341 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. అప్పటికే ఎక్స్.400 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అదీ ఫైళ్లను మోయగలదు. కానీ దానికోసం ఉన్న ఏర్పాటంతా మార్చుకోవాలి. మైమ్ దారి మధ్యలో ఉన్న ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదు. పంపే ప్రోగ్రాం, అందుకునే ప్రోగ్రాం నేర్చుకుంటే చాలు. నడుమ ఉన్నవన్నీ మామూలు ఉత్తరాన్నే మోస్తున్నామనుకుంటాయి. అసలు తెలివి అక్కడుంది.

కిటుకు బేస్64లో ఉంది. అన్ని రకాల ఆస్కీల్లోనూ ఎబ్సిడిక్‌లోనూ చెక్కుచెదరని 64 గుర్తులను ఏరారు: ఇంగ్లిష్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, పది అంకెలు, కూడిక గుర్తు, ఏటవాలు గీత. ప్రతి 3 బైట్లూ 4 గుర్తులవుతాయి. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు సరిగ్గా 3 బైట్లే కాబట్టి, బేస్64 వేషంలో మన ‘అ’ నాలుగు గుర్తులుగా ప్రయాణిస్తుంది: 4, ఎల్, సి, ఎఫ్. ఈ వేషానికి ఖర్చుంది. ఫైలు మూడో వంతు పెరుగుతుంది. 20 ఎంబీ వీడియోను 25 ఎంబీ పరిమితి ఉన్న మెయిల్ ఒక్కోసారి తిప్పికొట్టేది అందుకే.

ప్రమాణం అచ్చులోకి రాకముందే, 1992 మార్చి 11న, బోరెన్‌స్టైన్ తొలి మైమ్ అటాచ్‌మెంట్లు పంపాడు. ఒకటి ఫొటో, ఒకటి ఆడియో. రెండింటిలోనూ ఉన్నది బెల్‌కోర్ ఉద్యోగులు నలుగురు కలిసి పాడుకునే టెలిఫోన్ కార్డ్స్ బృందం. బోరెన్‌స్టైన్ కూడా అందులో గాయకుడే. పాడింది ఒక పాత ప్రేమపాటకు ఈమెయిల్ మీద కట్టిన పేరడీ. మెయిల్లో బొమ్మలెందుకని అడిగినవాళ్లకు, ఎప్పటికైనా మనవల ఫొటోలు చూసుకోవద్దా అని జవాబిచ్చేవాడట.

మైమ్ ప్రతి ముక్కకూ ‘ఇమేజ్/జేపెగ్’ లాంటి చీటీ కూడా అంటిస్తుంది. ఆ చీటీలనే వెబ్ అరువు తెచ్చుకుంది. బ్రౌజర్‌కు వచ్చింది బొమ్మో పేజీయో చెప్పేది ఇప్పటికీ అవే.

ఇంత ముందుచూపున్నవాళ్లూ ఒకచోట తడబడ్డారు. మెయిల్ పైభాగంలో ‘మైమ్-వెర్షన్: 1.0’ అనే వరుస పెట్టారు గానీ, వేరే అంకె కనబడితే ప్రోగ్రాం ఏం చేయాలో స్పష్టంగా రాయలేదు. దాంతో ఒక్కో ప్రోగ్రాం ఒక్కోలా ప్రవర్తించింది. 1993లోనూ 1996లోనూ ప్రమాణాన్ని తిరగరాశారు. అంకె మాత్రం 1.0 దగ్గరే ఉండిపోయింది.