గెలుపంతా ఎడమ పాదం కిందే!

ట్రాక్టరు తోలేవారికి క్లచ్ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరి పడుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. ఈ క్లచ్ వదిలే నేర్పు మీదే సగం గెలుపు తేలిపోయే పందెం ఒకటి అమెరికాలో ఉంది. దాన్ని డ్రాగ్ రేసు అంటారు.

ఇందులో మలుపులుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి తిన్నని బాటపై పావు మైలు, అంటే సరిగ్గా రెండు ఫర్లాంగులు పరుగెత్తుతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి కుర్రకారు ఊరి రోడ్ల మీదే ఇలాంటి పందేలు వేసుకునేవారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించి ఈ ఆటకు కట్టుబాట్లు తెచ్చారు.

మొదట్లో జెండా ఊపి పందెం మొదలుపెట్టేవారు. 1963 నుంచి దీపాల స్తంభం వచ్చింది. పసుపు దీపాల తర్వాత పచ్చ దీపం వెలుగుతుంది. తొందరపడి ముందే కదిలితే ఎర్ర దీపం! ఇక ఓడినట్టే.

అంతకుముందే వెనక చక్రాలను నీళ్లలో తడిపి, నిలిచిన చోటనే పొగలు లేచేదాకా తిప్పుతారు. టైరు వేడెక్కి నేలను అంటుకుపోతుంది. తర్వాత డ్రైవరు క్లచ్ అదిమి, మొదటి గేరు వేసి, కుడికాలితో ఇంజను రేగేలా చేస్తాడు. చాలా కార్లలో ఇంజను నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. నాలుగైదు వందల గుర్రాల బలం ఎడమ పాదం కింద కాచుకుని ఉంటుందన్న మాట.

ఆ పాదం ఎత్తడంలోనే ఉంది కిటుకంతా. గబుక్కున ఎత్తితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పొగ తప్ప కారు కదలదు. నెమ్మదిగా ఎత్తితే క్లచ్ ప్లేటు మాడి కమురు వాసన కొడుతుంది. ఇంజను వేగం చాలకపోతే కారు మూలుగుతూ డీలా పడుతుంది. ఎండ ఎక్కువైనా, బాట మీద పట్టు తగ్గినా నిన్న కుదిరిన లెక్క నేడు కుదరదు.

టైరుకు పట్టు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటే పొరపాటే. చక్రం జారకపోతే ఆ దెబ్బంతా ఇరుసు మీద, గేరు పళ్ల మీద పడుతుంది. ఏదో ఒకటి విరుగుతుంది.

బయలుదేరగానే బరువంతా వెనక్కి వాలి కారు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. బురదలో దిగబడిన ట్రాక్టరు వెనక చక్రాలకు దుంగ కట్టి క్లచ్ వదిలితే ముందు భాగం లేచి డ్రైవరు మీదే తిరగబడేది కూడా ఇందుకే. పందెం కార్లలో చాలావాటికి తిరగబడకుండా వెనక చిన్న చక్రాలు బిగిస్తారు. ట్రాక్టరుకు ఆ అడ్డు లేదు.

ప్రమాదం అక్కడా తక్కువేం కాదు. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ కారు బయలుదేరుతూనే గేరు పెట్టె పేలి కారు రెండు ముక్కలైంది. అప్పటి కార్లలో ఇంజను ముందు, గేరు పెట్టె డ్రైవరు కాళ్ల మధ్య ఉండేవి. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అయినా ఆట మానలేదు. ఇంజను వెనక ఉండే కారు తయారుచేసుకుని 1971లో మళ్లీ పందేలు గెలిచారు. వేగమైన కార్లలో ఇప్పుడు క్లచ్ చుట్టూ దళసరి ఉక్కు తొడుగు ఉండి తీరాలి. ముక్కలైనా డ్రైవరు కాళ్లను తాకకూడదని.

ఆ రోజుల్లోనే ప్లిమత్ కార్లు నడిపిన రానీ సాక్స్, నాలుగు గేర్లను చేత్తో మార్చడంలో సాటిలేనివాడని పేరు పొందారు. ఇప్పుడు తమంతట తామే గేర్లు మార్చుకునే కార్లు వచ్చాయి. బయలుదేరేటప్పుడు కంప్యూటరే సాయం చేస్తుంది. అయినా క్లచ్ వదలని వారు ఇంకా ఉన్నారు.

పరుగు ముగిశాక డ్రైవరుకు ఒక చీటీ ఇస్తారు. మొత్తం ఎన్ని సెకండ్లు పట్టిందో, చివర వేగం ఎంతో అందులో ఉంటాయి. అనుభవజ్ఞులు ముందుగా చూసేది మాత్రం మొదటి 60 అడుగుల లెక్క. అక్కడ సెకండులో పదో వంతు పోతే, చివరికి అంతకన్నా ఎక్కువే పోయి ఉంటుంది. చీటీ జేబులో పెట్టుకుని, కారును మళ్లీ వరసలోకి తోలుతారు.