పొటాటో రైసర్

పొటాటో రైసర్ అనునది ఉడికించిన బంగాళాదుంపలను సన్నని రంధ్రముల గుండా ఒత్తి, ఉండలు లేని మెత్తని ముద్దగా మార్చుటకు ఉపయోగించే వంటింటి సాధనము. రంధ్రముల నుండి వెలువడే దుంప తునకలు బియ్యపు గింజలను పోలి ఉండుట వలన ఆంగ్లములో దీనికి రైసర్ అనే పేరు వచ్చింది. ఉడికిన దుంపలకు వెన్న, పాలు చేర్చి చేసే మ్యాష్డ్ పొటాటో అనే పాశ్చాత్య వంటకమునకు దీనిని ముఖ్యముగా వాడుతారు. తెలుగువారి వంటిళ్ళలో దీనికి అతి దగ్గరి సాధనము జంతికల గొట్టము. రెండింటి సూత్రము ఒక్కటే కనుక, రైసర్ లేని ఇంట జంతికల గొట్టముతోనే ఈ పని చేసుకొనవచ్చును.

పేర్లు

బంగాళాదుంపకు తెలుగులో ప్రాంతమును బట్టి వేర్వేరు పేర్లు ఉన్నాయి. కోస్తా జిల్లాలలో బంగాళాదుంప అని, తెలంగాణలో ఆలుగడ్డ అని, రాయలసీమలో ఉర్లగడ్డ అని అంటారు. రైసర్‌కు మాత్రము తెలుగులో స్థిరపడిన పేరు లేదు. పాత్రల అంగళ్ళలో దీనిని పొటాటో మ్యాషర్ అనే పేరుతోనే కలిపి అమ్ముతుంటారు. కాని మ్యాషర్ వేరు, రైసర్ వేరు. మ్యాషర్ అనగా పిడికి బిగించిన కమ్మీలతోనో, చిల్లుల బిళ్ళతోనో దుంపలను గిన్నెలోనే అదిమి చిదిపే పరికరము. జంతికల గొట్టమును మురుకుల గొట్టము, కారప్పూస గొట్టము అని కూడా వ్యవహరిస్తారు.

నిర్మాణము

రైసర్‌లో మూడు ప్రధాన భాగములు ఉంటాయి.

* గిన్నె: అడుగున, కొన్నింటిలో ప్రక్కలకు కూడా, సుమారు 2 నుండి 3 మి.మీ. వ్యాసము గల రంధ్రములు ఉంటాయి. కొన్ని రకములలో అడుగు బిళ్ళను మార్చుకొనే వీలుంటుంది.
* అదుముడు బిళ్ళ: గిన్నెలో సరిగ్గా ఇమిడే చదునైన లోహపు బిళ్ళ.
* పిడులు: ఒక చివర కీలుతో కలుపబడిన రెండు పొడవాటి పిడులు.

స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము, ప్లాస్టిక్కులతో వీటిని తయారు చేస్తారు. వేడి దుంపల ఒత్తిడికి ప్లాస్టిక్కు పిడులు వంగిపోవుట లేదా విరిగిపోవుట కద్దు. అందువలన లోహముతో చేసినవే ఎక్కువ కాలము మన్నుతాయి.

పనిచేయు సూత్రము

భౌతికశాస్త్రము ప్రకారము రైసర్ రెండవ తరగతి తులాదండము. అడకత్తెర కూడా ఇదే కోవకు చెందినది. కీలు ఆధారబిందువు, మధ్యలోని అదుముడు బిళ్ళ భారబిందువు, చేతితో నొక్కే చివర ప్రయత్నబిందువు. ఉదాహరణకు కీలు నుండి బిళ్ళ 6 సెం.మీ. దూరములోను, చేయి 24 సెం.మీ. దూరములోను ఉంటే, చేతితో ప్రయోగించిన బలము దుంపపై నాలుగు రెట్లవుతుంది.

రైసర్ వాడుటకు అసలు కారణము దుంప లోపలి నిర్మాణములో ఉన్నది. బంగాళాదుంపలో సుమారు 80 శాతము నీరు ఉంటుంది. మిగిలిన దానిలో అధిక భాగము పిండిపదార్థము. ఇది జీవకణముల లోపల చిన్న చిన్న రేణువులుగా నిండి ఉంటుంది. దుంప ఉడికేటప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత పిండి రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. మరింత వేడిమి వద్ద, కణములను ఒకదానితో ఒకటి అంటిపెట్టుకొని ఉంచే పెక్టిన్ కరిగి, కణములు విడివడుటకు సిద్ధమవుతాయి.

ఇట్లు ఉడికిన దుంపను రంధ్రముల గుండా ఒత్తితే కణములు చాలావరకు పగలకుండానే ఒకదాని నుండి మరొకటి విడిపోతాయి. ముద్ద తేలికగా, గుల్లగా వస్తుంది. అదే దుంపను మిక్సీలో వేస్తే వేగముగా తిరిగే బ్లేడ్లు కణములను చీల్చివేస్తాయి. లోపలి పిండిపదార్థము బయటపడి నీటితో కలిసి జిగురుగా మారుతుంది. పోస్టర్లు అంటించే మైదా ఉడుకు జిగురుగా మారునది కూడా ఈ కారణము వలననే. ఒకసారి జిగురైన ముద్ద మరల గుల్లగా మారదు. రైసర్‌లో ప్రతి తునక ఒక్కసారి మాత్రమే రంధ్రము గుండా పోవుట దీని ప్రధానమైన మేలు.

జంతికల గొట్టముతో పోలిక

జంతికల గొట్టము స్తంభాకారములో ఉంటుంది. దీనిలో రెండు రకములు ఉన్నాయి. మొదటిది రెండు ముక్కల గొట్టము. పై ముక్కను రెండు అరచేతులతో క్రిందికి అదుముతారు. ఇది కొయ్యతోను, ఇత్తడితోను చేయబడుతుంది. రెండవది మర గల గొట్టము. పైనున్న పిడిని త్రిప్పితే మర దిగుతూ పిండిని నొక్కుతుంది. దీనితో వచ్చే బిళ్ళలలో నక్షత్రాకారపు రంధ్రము గలది జంతికలకు, సన్నని గుండ్రని రంధ్రములు గలవి కారప్పూసకు, చీలిక గలది రిబ్బను పకోడీకి వాడుతారు.

దుంపలు ఒత్తుటకు సన్నని గుండ్రని రంధ్రములు ఎక్కువగా ఉన్న బిళ్ళను ఎంచుకోవాలి. నక్షత్రాకారపు బిళ్ళ ఇందుకు పనికిరాదు. పెద్ద రంధ్రము గుండా దుంప ఉండలుగానే జారిపోతుంది. గొట్టము చిన్నది కనుక ఒక్కొక్క దుంపనే వేయాలి. రైసర్‌లో తొక్కతోనే సగము దుంపను వేయవచ్చును. గుజ్జు క్రిందికి దిగి తొక్క పైన మిగులుతుంది. జంతికల గొట్టములో తొక్క రంధ్రములకు అడ్డుపడుతుంది కాబట్టి ముందే తీసివేయాలి.

ఇదే కుటుంబమునకు చెందిన సాధనములు ఇరుగుపొరుగు ప్రాంతములలో కూడా ఉన్నాయి. తమిళనాడు, కేరళలలో ఇడియాప్పమునకు, కర్ణాటకలో ఒత్తు శావిగెకు గొట్టములను వాడుతారు. మహారాష్ట్రలో పూరణ్ పోళీకి ఉడికిన శనగపప్పును మెత్తగా చేయుటకు పూరణ యంత్రము ఉన్నది. చిల్లుల బిళ్ళపై మరతిప్పుతూ పప్పును క్రిందికి దించుట దీని పద్ధతి.

చరిత్ర

బంగాళాదుంప దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతములో పుట్టినది. 16వ శతాబ్దములో స్పెయిన్ వారి ద్వారా ఐరోపాకు చేరినది. భారతదేశమునకు పోర్చుగీసు వారు తీసుకురాగా, బ్రిటిషు వారి కాలములో సాగు విస్తరించినది. ఐరోపా, అమెరికాలలో దుంప నిత్యాహారమైన తరువాత దానిని చిదుముటకు అనేక పరికరములు వచ్చాయి. పిడులతో నొక్కే రైసర్లు 19వ శతాబ్దపు చివరి నాటికి వాడుకలో ఉన్నాయి. 1932లో ఫ్రాన్సు దేశస్థుడు జాఁ మాంతెలె చేతితో త్రిప్పే కూరగాయల మరను రూపొందించాడు. ఈ మర ద్వారానే తరువాతి కాలములో మూలినెక్స్ అనే గృహోపకరణముల సంస్థ వృద్ధి చెందినది.

సికింద్రాబాదు, తిరుమలగిరి ప్రాంతములో

సికింద్రాబాదు 1806లో నిజాము సికందర్ జా పేరు మీద ఏర్పడిన బ్రిటిషు సైనిక స్థావరము. దీనికి ఉత్తరమున ఉన్న తిరుమలగిరిని బ్రిటిషు వారు ట్రిమల్గెరీ అని పిలిచేవారు. కంటోన్మెంటు ప్రాంతములో ఐరోపా సైనికులు, లాలాగూడ వంటి రైల్వే కాలనీలలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబములు నివసించుట వలన చిదిమిన దుంపతో చేసే వంటకములు ఈ నగరమునకు పరిచయమైనవి. లోపల ఖీమా పెట్టి వేయించే పొటాటో చాప్, రొట్టె పొడి అద్దిన కట్లెట్ ఇట్టివే. సికింద్రాబాదులో ఆలుగడ్డ బావి అనే పేరుతో ఒక పేట కూడా ఉన్నది.

తిరుమలగిరికి సమీపములోని బోయిన్‌పల్లిలో పెద్ద టోకు కూరగాయల మార్కెట్ ఉన్నది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతము ఆలుగడ్డ సాగుకు ప్రసిద్ధి చెందినది. ఇక్కడ ఇది చలికాలపు పంట. మిగిలిన కాలములో ఉత్తరాది శీతల గిడ్డంగుల నుండి వచ్చే దుంపల మీదనే నగరము ఆధారపడుతుంది. జంతికల గొట్టములు, ఇతర ఇత్తడి, స్టీలు సామాను హైదరాబాదు బేగంబజారులో విరివిగా లభిస్తాయి.

దుంపల ఎంపిక

పిండిపదార్థము ఎక్కువగా ఉన్న దుంపలు ఉడికినప్పుడు పొడిపొడిగా విరుగుతాయి. ఇవి రైసర్‌కు అనుకూలము. తక్కువగా ఉన్నవి ఉడికిన తరువాత కూడా గట్టిగా, మైనము వలె ఉంటాయి. ఇవి కూరలకు, పులుసుకు మేలు. 1949లో పాట్నాలో నెలకొల్పబడి 1956లో సిమ్లాకు మారిన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకములలో కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి (రెండూ 1968) ఇంటి వాడకమునకు పేరుపొందినవి. 1998లో విడుదలైన కుఫ్రీ చిప్సోనా-1లో పొడిపదార్థము ఎక్కువ. దీనిని చిప్స్ పరిశ్రమ కొరకు రూపొందించారు.

బాగా చల్లని గిడ్డంగిలో నిలువ ఉన్న దుంపలలో కొంత పిండిపదార్థము చక్కెరగా మారుతుంది. ఇట్టివి తియ్యగా ఉంటాయి, వేయిస్తే త్వరగా నల్లబడతాయి. పచ్చబారిన దుంపలలో సొలనిన్ అనే విషపదార్థము ఉండవచ్చును. ఉడికించుట వలన అది నశించదు కనుక పచ్చని భాగమును, మొలకలను లోతుగా కోసివేయాలి. ఎక్కువగా పచ్చబారిన దుంపను పారవేయాలి.

మ్యాష్డ్ పొటాటో తయారీ

కావలసినవి: బంగాళాదుంపలు 1 కిలో, వెన్న 100 గ్రాములు, పాలు 200 మి.లీ., ఉప్పు, మిరియాల పొడి తగినంత.

# దుంపలను కడిగి, తొక్క తీసి, సమానమైన పెద్ద ముక్కలుగా కోయాలి.
# చల్లని నీటిలో ఉప్పుతో కలిపి పొయ్యి మీద పెట్టాలి. మరుగుతున్న నీటిలో వేస్తే లోపల ఉడికే లోపు పైభాగము చితికిపోతుంది.
# కత్తి మొన సులభముగా దిగేవరకు, సుమారు 20 నిమిషములు ఉడికించాలి.
# నీటిని పూర్తిగా వార్చి, గిన్నెను 2 నిమిషములు సన్నని సెగపై ఉంచి తడి ఆర్చాలి.
# వేడిగా ఉన్నప్పుడే రైసర్‌లో వేసి ఒత్తాలి. చల్లారితే పిండిపదార్థము గట్టిపడి, ఒత్తినప్పుడు కణములు పగులుతాయి.
# మొదట వెన్న కలపాలి. తరువాత వేడి పాలను కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా కలపాలి. ఎక్కువగా కలియబెట్టరాదు.

ప్రెషర్ కుక్కరులో ఉడికించేవారు దుంపలను నీటిలో ముంచక, వేరొక గిన్నెలో పెట్టి ఆవిరితో ఉడికిస్తే తడి తక్కువగా ఉంటుంది. తెలుగు రుచికి వెన్న, పాలకు బదులుగా నెయ్యి వేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుల తాలింపు పెట్టి, నిమ్మరసము పిండుకొనవచ్చును.

ఇతర వంటకములు

* ఆలూ కారప్పూస: ఒత్తిన దుంప ముద్దలో సుమారు రెట్టింపు శనగపిండి, కారము, వాము, ఉప్పు కలిపి, వేరుగా నీరు పోయక దుంప తడితోనే పిండిని కలుపుతారు. దీనిని సన్న బిళ్ళ గల గొట్టముతో కాగిన నూనెలోకి ఒత్తుతారు. దుంపను ముందే రైసర్‌తో ఒత్తితే సన్న రంధ్రములు పూడుకొనవు.
* ఆలూ పరాఠా, బోండా, టిక్కీ: పూర్ణములో ఉండలు లేకుంటే పరాఠా వత్తేటప్పుడు చిరగదు.
* బూరెలు, బొబ్బట్లు: ఉడికిన చిలగడదుంపను గాని, శనగపప్పును గాని ఒత్తి బెల్లముతో పూర్ణము చేయవచ్చును. చిలగడదుంప పీచు గిన్నెలోనే ఆగిపోతుంది.
* కంద-బచ్చలి కూర: ఉడికిన కందను మెదుపుటకు ఉపయోగపడుతుంది.
* న్యోకీ: ఒత్తిన దుంపలో మైదా కలిపి చిన్న ఉండలుగా చేసి నీటిలో ఉడికించే ఇటలీ వంటకము.
* ష్పెట్స్‌లె: జర్మనీలోని స్వాబియా ప్రాంతపు వంటకము. గ్రుడ్లు, మైదా కలిపిన మెత్తని పిండిని రైసర్ వంటి సాధనముతో మరిగే నీటిలోకి ఒత్తుతారు.
* నీరు పిండుట: ఉడికిన పాలకూర, తురిమిన సొరకాయ, దోసకాయల నుండి నీరు తీయుటకు కూడా దీనిని వాడవచ్చును.

పసిపిల్లలు, వృద్ధుల ఆహారములో

ఆరు నెలలు నిండిన శిశువులకు తల్లిపాలతో పాటు ఇచ్చే అనుబంధ ఆహారములో దుంప ముద్ద ఒకటి. దుంపలో మాంసకృత్తులు, ఇనుము తక్కువ కనుక పప్పు, నెయ్యి వంటి వాటితో కలిపి ఇవ్వాలి. ఏడాది లోపు పిల్లలకు ఉప్పు, చక్కెర కలుపరాదు.

పక్షవాతము, పార్కిన్సన్ వ్యాధి మొదలైన వాటి వలన మ్రింగుట కష్టమైనవారి విషయములో ముద్ద నాణ్యత ప్రాణముతో ముడిపడిన అంశము. ఉండ గొంతుకు అడ్డుపడవచ్చును. జిగురు ముద్ద గొంతులో అతుక్కొని మిగిలిపోయి, శ్వాసమార్గములోకి జారవచ్చును. ఇట్టివారి ఆహారమునకు 0 నుండి 7 వరకు అంతర్జాతీయముగా నిర్ణయించిన స్థాయిలు ఉన్నాయి. వాటిలో 4వ స్థాయి ఆహారములో ఉండలు ఉండరాదు, అది అతుక్కొనరాదు. చెంచాను వంచినప్పుడు ముద్ద మొత్తముగా జారిపడాలి. చేతితో చిదిమితే ఉండలు, మిక్సీలో వేస్తే జిగురు ఏర్పడతాయి. రైసర్‌తో ఒత్తి, తగినన్ని పాలు లేదా పలుచని పప్పుకట్టు కలిపితే ఈ రెండు దోషములు తగ్గుతాయి. అయినను ప్రతిసారి చెంచాతో పరీక్షించిన తరువాతనే పెట్టాలి. రోగికి ఏ స్థాయి ఆహారము తగునో వైద్యుడు లేదా స్పీచ్ థెరపిస్టు నిర్ణయించాలి.

మధుమేహము ఉన్నవారిలో దుంప ముద్ద రక్తములోని చక్కెరను త్వరగా పెంచుతుంది. కావున పరిమాణము తగ్గించి, పప్పు, ఆకుకూరలతో కలిపి తినుట మంచిది.

జాగ్రత్తలు

* వేడి దుంప ఆవిరి చేతులను కాల్చగలదు. ఇత్తడి గొట్టము త్వరగా వేడెక్కుతుంది కనుక మందపు గుడ్డతో పట్టుకోవాలి.
* నూనెపై పట్టుకొని ఒత్తేటప్పుడు రంధ్రములు పూడుకుంటే బలముగా నొక్కరాదు. బిళ్ళ ఊడి నూనె చిందే ప్రమాదము ఉన్నది. గొట్టమును ప్రక్కకు తీసి శుభ్రము చేసుకోవాలి.
* కళాయి లేని ఇత్తడి గొట్టములో పెరుగు, నిమ్మరసము, చింతపండు కలిపిన పదార్థములను ఉంచరాదు.
* వాడిన వెంటనే చల్లని నీటిలో నానవేయాలి. పిండిపదార్థము ఎండితే రంధ్రములలో గట్టిగా పట్టుకుంటుంది.
* మిగిలిన ముద్దను రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* బంగాళాదుంప
* జంతికలు
* కారప్పూస
* తిరుమలగిరి (సికింద్రాబాదు)