వ్యాపార టెలిఫోను వ్యవస్థ

వ్యాపార టెలిఫోను వ్యవస్థ అనగా ఒక కార్యాలయము, మిల్లు, ఆసుపత్రి లేదా దుకాణములోని అనేక ఫోనులను ఒకదానితో ఒకటి కలిపి, వాటన్నిటికీ కొద్దిపాటి బయటి లైనులను ఉమ్మడిగా అందించే ఏర్పాటు. వాడుకలో దీనిని ఇంటర్‌కమ్ అని, ఈపీఏబీఎక్స్ అని పిలుస్తారు. ప్రతి బల్లకు ఒక్కొక్క లైను తీసుకొనే ఖర్చు లేకుండా, వచ్చిన పిలుపు వృథా పోకుండా చూడటము దీని ముఖ్యోద్దేశము. కర్నూలు జిల్లా పశ్చిమ భాగములోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల అవసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యవస్థ పనితీరును, ఉపయోగాలను ఇక్కడ తెలుసుకోవచ్చును.

ఆదోని, ఎమ్మిగనూరులలో అవసరము

ఆదోని పత్తి, వేరుశనగ వ్యాపారానికి పేరుపొందిన పట్టణము. మార్కెట్ యార్డు, కమీషను దుకాణాలు, జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు ఇక్కడి వర్తకానికి ఆధారము. పత్తి ధర బయటి మార్కెట్లను బట్టి మారుతుంది. కనుక ధర అడుగుతూ దూరపు కొనుగోలుదారు చేసిన ఫోనుకు లైను దొరకకపోతే ఆ బేరము పక్క దుకాణానికి పోవచ్చును. సరుకు తెచ్చిన రైతుకు కూడా ఒక కొనుగోలుదారు తగ్గినట్లే.

ఆదోనికి సుమారు 30 కి.మీ. దూరములోని ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో వీరికి పద్మశ్రీ పురస్కారము లభించినది. నూలు నిల్వ, అద్దకము, నేత, అమ్మకము అనే పనులు వేర్వేరు విభాగాలలో జరిగే సంస్థకు బయటి పిలుపులతో పాటు లోపలి సంభాషణలు కూడా ముఖ్యమే. బయటి లైనుల పంపకము, లోపలి సంభాషణ అనే ఈ రెండు అవసరాలను ఒకే యంత్రము తీరుస్తుంది.

చరిత్ర

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందాడు. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనవి. అప్పట్లో ఆపరేటరు తీగలను చేతితో గుచ్చి ఇద్దరు చందాదారులను కలిపేవారు. పెద్ద కార్యాలయాలు ఇటువంటి బోర్డునే తమ ఆవరణలో పెట్టుకొనగా దానికి పీబీఎక్స్, అనగా సొంత శాఖా ఎక్స్ఛేంజి, అని పేరు వచ్చినది.

అమెరికాకు చెందిన ఆల్మన్ స్ట్రోజర్ 1891లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి పేటెంటు పొందాడు. ఇతడు అంత్యక్రియల వ్యాపారి. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారునికి కలుపుతున్నదనే అనుమానమే ఈ ఆవిష్కరణకు కారణమని చెబుతారు.

భారతదేశములో దూరపు ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి ఎదురుచూడవలసి వచ్చేది. చెల్లించే రుసుమును బట్టి ఆర్డినరీ, అర్జంటు, లైట్నింగ్ అనే తరగతులు ఉండేవి. నేరుగా డయల్ చేసే ఎస్.టి.డి. సదుపాయము 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైనది. 1984లో కేంద్ర ప్రభుత్వము సి-డాట్ సంస్థను నెలకొల్పినది. ఈ సంస్థ రూపొందించిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజిని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో ఏర్పాటు చేశారు. ఏ.సి. గది అవసరము లేకుండా వేడిని, దుమ్మును తట్టుకొనటము దీని ప్రత్యేకత. కార్యాలయాలకు అవసరమైన చిన్న ఎక్స్ఛేంజిని కూడా సి-డాట్ రూపొందించినది.

పనిచేసే విధానము

టెలిఫోను సంస్థ నుండి వచ్చే తీగలను బయటి లైనులు లేదా ట్రంకులు అంటారు. లోపలి ఫోనులు ఎక్స్‌టెన్షనులు. వీటికి రెండు లేదా మూడు అంకెల నంబర్లు ఉంటాయి. 4 బయటి లైనులు, 12 ఎక్స్‌టెన్షనులు గల పెట్టెను 4+12 అని సూచిస్తారు. లోపలి వ్యక్తి మరొక ఎక్స్‌టెన్షను నంబరు నొక్కితే పెట్టె లోపలే కలుపుతుంది. దీనికి టెలిఫోను సంస్థకు చెల్లించవలసినది ఏమీ లేదు. బయటికి మాట్లాడాలంటే ముందుగా నిర్ణీత అంకెను, సాధారణముగా 0 లేక 9ని, నొక్కి ఖాళీ లైనును తీసుకోవాలి.

ముఖ్య సదుపాయాలు

- పిలుపు బదిలీ: గుమాస్తా అందుకొన్న పిలుపును గోదాముకు లేదా యజమానికి పంపటము.
- హోల్డ్: అవతలివారిని లైనులోనే ఉంచి లోపల విచారించటము. అంతవరకు వారికి సంగీతము వినిపిస్తుంది.
- హంటింగ్: మొదటి ఫోను పనిలో ఉంటే పిలుపు తరువాతి ఫోనుకు పోవటము.
- పికప్: పక్క బల్ల మీద మ్రోగే ఫోనును తన బల్ల నుండే అందుకొనటము.
- కాన్ఫరెన్సు: ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది ఒకేసారి మాట్లాడటము.
- స్వయంచాలక స్వాగతము: "అమ్మకాలకు 1 నొక్కండి" వంటి సూచన వినిపించటము. రైతులు, వృద్ధులు ఎక్కువగా ఫోను చేసే చోట సూచనలు తెలుగులో, రెండు మూడింటికి మించకుండా ఉండటము మంచిది.
- పిలుపుల పట్టిక: ఏ ఎక్స్‌టెన్షను నుండి ఏ నంబరుకు ఎంతసేపు మాట్లాడినదీ నమోదు కావటము.
- తాళము: ఒక్కొక్క ఎక్స్‌టెన్షను నుండి ఏయే పిలుపులు చేయవచ్చునో నిర్ణయించటము.

ఆదోని, ఎమ్మిగనూరులకు 08512 అనే ఒకే ఎస్.టి.డి. కోడ్ వర్తిస్తుంది. కనుక సున్నాతో మొదలయ్యే నంబర్లకు తాళము వేసినా ఈ రెండు పట్టణాల ల్యాండ్‌లైనుల మధ్య మాట్లాడుకోవచ్చును. అయితే 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైను నుండి మొబైలుకు చేసే ప్రతి పిలుపుకు ముందు 0 తప్పనిసరి అయినది. పాత తాళమును అలాగే ఉంచితే మొబైలు పిలుపులు కూడా ఆగిపోతాయి. బయటి లైనుకు 0 నొక్కే వ్యవస్థలలో లైను కొరకు ఒక సున్న, నంబరు ముందు మరొక సున్న నొక్కాలి.

ఎన్ని లైనులు అవసరము?

దీనిని లెక్కించే గణితాన్ని డెన్మార్కుకు చెందిన ఎ.కె. ఎర్లాంగ్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రూపొందించాడు. ఒక దుకాణములో రద్దీగా ఉండే గంటలో 20 పిలుపులు, ఒక్కొక్కటి సగటున 3 నిమిషాలు అనుకుందాము. మొత్తము 60 నిమిషాలు. కనుక ఒక్క లైను సరిపోతుందని అనిపిస్తుంది. కాని పిలుపులు వరుసలో నిలబడి రావు. ఎర్లాంగ్ సూత్రము ప్రకారము ఒక్క లైను ఉంటే సగము పిలుపులకు లైను దొరకదు. 2 లైనులు ఉంటే నూటికి 20, 3 ఉంటే నూటికి సుమారు 6, 4 ఉంటే నూటికి సుమారు 2 పిలుపులు మాత్రమే విఫలమౌతాయి. అందువలన 12 బల్లలకు 12 లైనులు అక్కరలేదు. అలాగని ఒక్కటీ చాలదు.

జాగ్రత్తలు

సాధారణ ల్యాండ్‌లైనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి నుండే తీగ ద్వారా వస్తుంది. ఈపీఏబీఎక్స్‌కు స్థానిక విద్యుత్తు కావాలి. కనుక బ్యాటరీ లేదా ఇన్వర్టరు అవసరము. కరెంటు పోయినప్పుడు బయటి లైనును నేరుగా ఒక ఫోనుకు కలిపే ఏర్పాటు కొన్ని పెట్టెలలో ఉంటుంది. ఆసుపత్రులలో ఇది చాలా ముఖ్యము. ఫైబరు కనెక్షనులో ఇంటివద్ద ఉండే పరికరానికి కూడా విద్యుత్తు కావాలి. పిడుగుల వలన నష్టము కలుగకుండా సరియైన ఎర్తింగ్ ఉండాలి. జిన్నింగు మిల్లులలో దూది నుసి చేరని గదిలో పెట్టెను ఉంచాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మార్చకపోతే ఇతరులు బయటినుండి ప్రవేశించి మన ఖర్చుతో విదేశాలకు మాట్లాడే ప్రమాదము ఉన్నది.

మొబైలు ఫోనుల కాలములో

మొబైలు ఫోనులు వచ్చిన తరువాత చిన్న దుకాణాలు ఇటువంటి వ్యవస్థ లేకుండానే పని జరుపుకోగలుగుతున్నాయి. ఇద్దరు ముగ్గురు ఉన్నచోట అది సరిపోతుంది కూడా. కాని గుమాస్తా సొంత నంబరుతో వ్యాపారము సాగితే, అతడు పని మానిన రోజున ఖాతాదారుల పరిచయము కూడా అతనితోనే పోతుంది. అతడు సెలవులో ఉంటే బాకీ సంగతి అడగటానికి రైతుకు వేరే దారి ఉండదు. సంస్థ పేరు మీద ఉన్న నంబరు మనుషులు మారినా మారదు. ఇంటర్నెట్ ద్వారా నడిచే క్లౌడ్ వ్యవస్థలలో పెట్టె కార్యాలయములో ఉండదు. సంస్థ నంబరుకు వచ్చిన పిలుపు సిబ్బంది మొబైళ్ళలోనే వరుసగా మ్రోగుతుంది. పెట్టె, తీగలు మారినా, అందరికీ తెలిసిన ఒక నంబరును పదిమంది పంచుకొని సమాధానము చెప్పటమనే పద్ధతి మాత్రము మారలేదు.