సముద్రంలో సరిహద్దు గట్లు

సముద్రంలో ఎక్కడ వేట సాగించవచ్చు, ఎక్కడ ఓడలు నడవవచ్చు, ఎక్కడ పర్యాటకులు తిరగవచ్చు, ఎక్కడ దేన్నీ ముట్టుకోకూడదు అన్నది ముందే తేల్చుకుని పటం గీసుకోవడాన్ని సముద్ర ప్రాదేశిక ప్రణాళిక అంటారు. నీటిని మండలాలుగా విభజించే జోనింగ్ అందులో ప్రధాన సాధనం. ఉష్ణమండల తీరాల్లో దీని అవసరం మరీ ఎక్కువ. అక్కడ మడ అడవులు, సముద్రపు గడ్డి, పగడపు దిబ్బలు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని రకాల చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు మడచెట్ల వేళ్ల మధ్య దాక్కుని, పెద్దయ్యాక దిబ్బలకు చేరతాయి. మడను నరికేసి దిబ్బనొక్కదాన్నే కాపాడితే ఆ చేప మిగలదు.

ఈ విధానానికి అందరూ చూపే ఉదాహరణ ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్. క్వీన్స్‌లాండ్ తీరం వెంట సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున, దాదాపు 3,000 పగడపు దిబ్బలతో ఇది విస్తరించి ఉంది. 1967లో ఎల్లిసన్ రీఫ్ అనే దిబ్బలో సున్నపురాయి తవ్వుకుంటామని ఒక దరఖాస్తు వచ్చింది. ఆ దిబ్బ ఎలాగూ చచ్చిపోయిందన్నది దరఖాస్తుదారు వాదన. పరిశోధకులు, విద్యార్థులు నీటిలో మునిగి చూసి అది బతికే ఉందని సాక్ష్యం చెప్పారు. అనుమతి దక్కలేదు. ఆ దిబ్బతో మొదలైన ఉద్యమం ఫలితంగా 1975లో గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్ చట్టం వచ్చింది. నేడు ఈ పార్కు విస్తీర్ణం 3,44,400 చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌కు రెండు రెట్ల పైమాటే.

పార్కు అంటే మొత్తం మూసేసిన సముద్రం అనుకోకూడదు. పటంలో ఒక్కో మండలానికి ఒక్కో రంగు ఉంటుంది. లేత నీలంలో ట్రాల్ వలతో సహా చాలా రకాల వేటకు అనుమతి ఉంది. ముదురు నీలంలో అడుగును ఊడ్చేసే ట్రాల్ వల కుదరదు, గేలం వేసుకోవచ్చు. పసుపులో మనిషికి ఒక్క గేలపు తాడు, దానికి ఒక్క కొక్కెం మాత్రమే. ఆకుపచ్చలో ఈదవచ్చు, పడవలో వెళ్లవచ్చు. చేపను గానీ పగడాన్ని గానీ తీయకూడదు. గులాబీ రంగులోకి రాతపూర్వక అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు. ఇది మొత్తం పార్కులో ఒక శాతం కూడా ఉండదు.

మొదట్లో ఆకుపచ్చ వాటా నాలుగున్నర శాతం మాత్రమే. అదీ ఎక్కువగా అందరి కంటికీ ఆనే పగడపు దిబ్బల చుట్టూనే ఉండేది. ఇసుక నేలలు, గడ్డి మైదానాలు, లోతు నీళ్లు దాదాపు వదిలేసినట్టే. అందుకే శాస్త్రజ్ఞులు మొత్తం ప్రాంతాన్ని 70 జీవావరణ ప్రాంతాలుగా గుర్తించి, ఒక్కొక్కదానిలో కనీసం 20 శాతం వేటకు దూరంగా ఉంచాలని సూచించారు. ఈ ప్రణాళిక మీద ప్రజల నుంచి 31,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. వాటిని చూసి చాలాచోట్ల గీతలను అటూ ఇటూ జరిపారు. 2004 జులై 1న కొత్త పటం అమల్లోకి వచ్చేసరికి ఆకుపచ్చ వాటా 33 శాతం దాటింది.

గీతలు గీసిన తీరులోనూ ఒక పాఠం ఉంది. పొలానికైతే గట్టు ఉంటుంది, నీటికి ఉండదు. అందుకని తీరానికి దూరంగా ఉన్నచోట సరిహద్దులను అక్షాంశ రేఖాంశాల ప్రకారం తిన్నగా గీశారు. పడవలోని జీపీఎస్ చూస్తే తాను ఏ రంగులో ఉన్నాడో వేటగాడికి తెలుస్తుంది.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. రెండేళ్లలోపే చాలా ఆకుపచ్చ దిబ్బల్లో కోరల్ ట్రౌట్ అనే విలువైన చేప సంఖ్య పెరిగింది. కెప్పెల్ దీవుల దగ్గర డీఎన్‌ఏ ఆధారంగా చేసిన పరిశోధన 2012లో వెలువడింది. అక్కడ రక్షిత దిబ్బలు 28 శాతమే అయినా, పరిసరాల్లోకి చేరిన పిల్లచేపల్లో సుమారు సగం వాటి సంతానమే. అంటే గీత అవతల కాపాడిన చేప గీత ఇవతలి వలను నింపుతుంది.

అయితే వేడికి గీతలు అడ్డం కావు. 2016, 2017, 2020, 2022, 2024ల్లో నీరు వేడెక్కి పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. చెరకు తోటల నుంచి కొట్టుకొచ్చే మట్టి, ఎరువులు కూడా పటాన్ని లెక్కచేయవు. జోనింగ్ వేట ఒత్తిడిని తగ్గిస్తుంది, అంతకుమించి ఆశించకూడదు.

తెలుగు తీరానికీ ఇలాంటి గీతలు కొత్త కాదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య చట్టం ఒడ్డుకు దగ్గరి నీటిని సంప్రదాయ పడవలకు ఉంచి, మరపడవలను దూరంగా పంపుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. కోరింగ మడ అడవులకు వన్యప్రాణి చట్టం, ఒడ్డుకు తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నిబంధనలు, వేటకు మత్స్య చట్టం: దేని పటం దానిదే. మడలో పెరిగి సముద్రానికి పోయే చేపకు మాత్రం ఇదంతా ఒకటే నీరు. ఆ పటాలన్నిటినీ ఒకే కాగితం మీదికి తేవడంతోనే అసలైన ప్రణాళిక మొదలవుతుంది.